రెండు మూతలు, ఒక బావమరిది

కారు కొన్న మూడేళ్లలో నేను బానెట్ ఎత్తింది రెండే సార్లు. మొదటిసారి డిక్కీ మీట అనుకుని పొరపాటున లాగాను. రెండోసారి మాత్రం తెలిసే ఎత్తాను. అదే నేను చేసిన తప్పు.

ఆ రోజు ఎదురింటాయన తన కారు బానెట్ ఎత్తి, నడుం మీద చెయ్యి వేసుకుని లోపలికి చూస్తున్నాడు. ఏం చూస్తున్నాడో ఆయనకీ తెలియదని నా గట్టి నమ్మకం. కానీ ఆ నిలబడటంలో ఏదో దర్జా ఉంది. నాకూ అలా ఒకసారి నిలబడాలనిపించింది. ఎత్తాను, నడుం మీద చెయ్యి వేశాను, చూశాను. గొట్టాలు, తీగలు, నల్ల డబ్బాలు. ఒక మూల మాత్రం తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, దాని పక్కన మ్యాక్స్ అని ఒక గీత, మిన్ అని ఇంకో గీత. లోపల లేత గులాబీ రంగు నీళ్లు, మిన్ గీతకి వేలెడు కిందకి ఉన్నాయి.

మాన్యువల్ తీసి చూశాను. అది కూలెంట్ రిజర్వ్ ట్యాంకట, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం నిలవుండే డబ్బా. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మట్టం చూడాలి, తగ్గితే మ్యాక్స్ దాకా పోయాలి. అంతే, రెండు ముక్కలు. పట్టేది అర లీటరు కూడా ఉండదు. ఆ రెండు ముక్కల పని మా ఇంట్లో పది రోజులు నడిచింది. ఎందుకంటే నేను మాన్యువల్ మూసి, నోరు తెరిచాను.

"దానికింత ఆలోచనెందుకు అల్లుడుగారూ, చెంబుడు నీళ్లు పోసెయ్యండి" అన్నారు మామగారు. ఆయన రోజుల్లో కొండెక్కేటప్పుడు సగం దారిలో కారు బుసకొట్టేదట. ఆపి, వాగులో నీళ్లు డబ్బాతో తెచ్చి పోసి, కాసేపు కబుర్లు చెప్పుకుని మళ్లీ ఎక్కేవారట. ఆ కథ చెప్పేటప్పుడు ఆయన మొహం చూస్తే, కొండెక్కడం కన్నా ఆగడమే ఆయనకి బాగా నచ్చిందని తెలిసిపోతుంది.

గోడ అవతలి నుంచి మాస్టారు అందుకున్నారు. ఆయన రిటైరైన కెమిస్ట్రీ మాస్టారు. గోడకి ఇవతల ఎవరైనా 'నీళ్లు' అంటే చాలు, అవతల 'హెచ్ టూ ఓ' అని వినబడుతుంది.

"వేడిని మోసుకెళ్లడంలో నీళ్లని మించింది లేదు, మీ మామగారు అన్నదాంట్లో ఆ మాత్రం నిజం ఉంది. కానీ ఉత్త నీళ్లయితే 100 డిగ్రీలకే మరుగుతాయి, సున్నా దగ్గర గడ్డకడతాయి, గడ్డకట్టేటప్పుడు ఉబ్బి ఇంజన్ బ్లాకునే చీలుస్తాయి. పైగా కుళాయి నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి, లోపల సున్నంలా పేరుకుపోతాయి. అందుకే సగం నీళ్లు, సగం ఇథిలీన్ గ్లైకాల్, అందులో తుప్పు పట్టకుండా కొన్ని మందులు. అప్పుడు గడ్డకట్టాలంటే మైనస్ 37 దాకా పోవాలి. ఆ గ్లైకాల్‌ని మొదట చేసింది ఎవరనుకున్నారు? ఫ్రెంచి కెమిస్టు ఉర్ట్జ్! కాలేజీలో ఉర్ట్జ్ చర్య చదవలేదూ, ఆ ఉర్ట్జే. 1856లో చేశాడు."

"మరి మొదటి కారుకి పేటెంట్ వచ్చింది 1886లో కదండీ?" అన్నాను నాకు తెలిసిన ఒకే ఒక్క సంవత్సరాన్ని బయటికి తీస్తూ.

"కారే లేకుండా కూలెంట్ ఎందుకు చేశాడండీ ఆయన?" అన్నారు మామగారు. మాస్టారు దానికి సమాధానం చెప్పకుండా లోపలికి వెళ్లిపోయారు. ఇలా ఆయన్ని ఒక్క మాటతో లోపలికి పంపగలిగింది ఈ భూమ్మీద మా మామగారొక్కరే.

సరిగ్గా అప్పుడే వచ్చాడు మా బావమరిది. వాడి గురించి రెండు మాటలు చెప్పాలి. వాడికి తెలియని పని లేదు, చేతనైన పనీ లేదు. వాడు బిగించిన కుళాయి కారుతుంది, వాడు సర్దిన గడియారం ముందుకి పోతుంది. మా ఆవిడకి మాత్రం వాడు ఇంజనీరు. "తమ్ముడున్నాడుగా, మీకెందుకండీ టెన్షన్?" అంటుంది. నా టెన్షనే అది.

"బావా, నేను తెస్తాను" అని వెళ్లి, గంటలో ఎర్రటి ద్రవం ఉన్న డబ్బాతో వచ్చాడు.

"ఏ రకం తెచ్చావురా?"

"ఎరుపు."

"రంగు కాదు, రకం."

"కొట్టువాడు పచ్చా, నీలమా, ఎరుపా అన్నాడు. మన కారు ఎరుపే కదా బావా, మ్యాచింగ్."

అప్పటికి నేను మాన్యువల్‌తో పాటు డబ్బాల వెనక చిన్నక్షరాలు కూడా చదవడం మొదలుపెట్టాను కాబట్టి నాకు చెమటలు పట్టాయి. కూలెంట్ రంగంటే తయారుచేసినవాడు కలిపిన డై, అంతే. ఫలానా రంగుకి ఫలానా గుణం అని అందరూ కట్టుబడిన చట్టమేమీ లేదు. ఒకప్పుడు పచ్చటిదంటే సిలికేట్లు కలిపిన పాత రకం, రెండేళ్లకోసారి మార్చాలి. ఆర్గానిక్ యాసిడ్‌తో చేసిన ఓఏటీ రకాలు నారింజలోనో, ఎరుపులోనో, గులాబీలోనో వచ్చేవి, ఐదేళ్ల దాకా పనిచేసేవి. ఇప్పుడు ఆ లెక్కా పోయింది, ఎవరికి నచ్చిన రంగు వాళ్లు కలుపుతున్నారు. రంగు చూసి కూలెంట్ కొనడమంటే చొక్కా చూసి డాక్టర్ని ఎంచుకోవడం లాంటిదే. తీరా ఒక రకంలో ఇంకో రకం పోశామంటే లోపల మందులు ఒకదాన్నొకటి దెబ్బతీసుకుంటాయి. ఒక్కోసారి జిగురులా గడ్డకట్టి రేడియేటర్ సన్నగొట్టాల్లో అడ్డం పడతాయి కూడా.

కళ్లజోడు పెట్టుకుని డబ్బా మీద ఉన్నదీ, మాన్యువల్లో ఉన్నదీ ఒక్కో అక్షరం పోల్చి చూశాను. ఇథిలీన్ గ్లైకాల్. సిలికేట్ లేనిది. ఓఏటీ. అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది! పైగా అది రెడీమిక్స్, అంటే నీళ్లు ముందే కలిపేసింది. పక్కనే అచ్చం అలాంటి డబ్బాలో కాన్సంట్రేట్ కూడా అమ్ముతారు. నీళ్లు కలపకుండా దాన్ని పోస్తే వేడిని సరిగ్గా మొయ్యదు. విచిత్రమేమిటంటే, ఉత్త గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది, సగం నీళ్లు కలిపిందే మెరుగు. ఇవేవీ తెలియకుండా, చొక్కాకి బొత్తాం ఎంచినట్టు ఎంచి, వాడు సరైన డబ్బా తెచ్చాడు.

దేవుడు కొందరికి తెలివి ఇస్తాడు, కొందరికి అదృష్టం ఇస్తాడు. నాకు బావమరిదిని ఇచ్చాడు.

శనివారం సాయంత్రం నాకు ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. నేను మాట్లాడుతూ గేటు దగ్గర పచార్లు చేస్తున్నాను. వాడు డబ్బా పట్టుకుని బానెట్ కింద తలపెట్టాడు. "ఎంత పోసినా నిండట్లేదు బావా" అని ఒకసారి వినబడింది. నేను ఫోన్లో ఉండి, "మ్యాక్స్ దాకా" అన్నట్టు చెయ్యి పైకెత్తి చూపించాను. వాడు ఇంకా పోశాడు.

అర లీటరు పట్టాల్సిన చోట లీటరు పోసినా నిండలేదంటే అనుమానం రావాలి. ఫోన్లో అవతలివాడు మా మేనేజరు. అనుమానానికి చోటెక్కడ?

ఆదివారం పొద్దున మా ఆవిడ, "ఏమండీ, ముందద్దం మీద దుమ్ము చూడండి, ఆ నీళ్లు చిమ్మే దాంట్లో కాస్త షాంపూ నీళ్లు పోయకూడదూ?" అంది. మంచి మాటే. మగ్గులో షాంపూ కలిపి, నురగ వచ్చేదాకా గిలక్కొట్టి, బానెట్ ఎత్తాను. రెండు డబ్బాలున్నాయి. ఒకటి నిండుగా ఉంది, ఎర్రగా. రెండోది వెలితిగా ఉంది. కూలెంట్ నిన్ననే నిండింది కాబట్టి నిండుగా ఉన్నది కూలెంట్, వెలితిగా ఉన్నది వైపర్ నీళ్లు. ఆ తర్కంలో ఇప్పటికీ నాకు తప్పు దొరకడం లేదు. వెలితిగా ఉన్నదాంట్లో మ్యాక్స్ గీత దాకా, చుక్క ఒలకకుండా షాంపూ నీళ్లు పోశాను. వైపర్ డబ్బాకి మ్యాక్స్, మిన్ గీతలెందుకుంటాయన్న ఆలోచన మూత పెట్టేశాక కూడా రాలేదు.

కూలెంట్ వెళ్లి వైపర్ డబ్బాలో కూర్చుంది. షాంపూ వెళ్లి కూలెంట్ డబ్బాలో కూర్చుంది. తిలా పాపం తలా పిడికెడు.

ఆ మధ్యాహ్నం బజారుకి వెళ్లొచ్చాం, ఏమీ కాలేదు. ఎందుకు కాలేదో తర్వాత మెకానిక్ చెప్పాడు. రేడియేటర్ మూత ఉత్త మూత కాదట. అందులో రెండు వాల్వులుంటాయి. ఇంజన్ వేడెక్కి కూలెంట్ వ్యాకోచిస్తే ఒక వాల్వు తెరుచుకుని మిగులుని ఈ డబ్బాలోకి తోస్తుంది. రాత్రి ఇంజన్ చల్లబడి లోపల వెలితి ఏర్పడితే రెండోది తెరుచుకుని, డబ్బాలో ఉన్నదాన్ని వెనక్కి పీల్చుకుంటుంది. అంటే ఆదివారం రాత్రి మేమంతా హాయిగా నిద్రపోతుంటే, మా కారు మెల్లగా షాంపూ తాగింది.

సోమవారం పొద్దున బయల్దేరాం. నేను, మా ఆవిడ, వెనక సీట్లో బావమరిది. కాస్త దూరం వెళ్లాక ఎదురుగా ఎండ. అద్దం మీద దుమ్ము. "నిన్న పోశారుగా, కొట్టండి" అంది మా ఆవిడ. నొక్కాను.

అద్దం మీద ఎర్రటి జల్లు పడింది.

వైపర్లు దాన్ని అటూ ఇటూ పులిమాయి. గ్లైకాల్ నీళ్లలా ఆరిపోదు, జిడ్డులా అంటుకుని కూర్చుంటుంది. దాని మీద ఎండపడి అద్దమంతా మెరిసింది, రోడ్డు మాయమైంది. భయపడి మళ్లీ నొక్కాను. ఇంకా ఎర్రగా వచ్చింది. "ఏమండీ, కారుకి రక్తం వస్తోంది!" అని మా ఆవిడ అరిచింది. తల కిటికీలోంచి బయటపెట్టి, ఎలాగో రోడ్డు పక్కకి తెచ్చి ఆపాను. "బావా, కూలెంట్ లీకై అద్దం మీదకి వస్తోంది. ప్రెజర్ అంత ఉందంటే ఇంజన్ స్ట్రాంగన్నమాట" అన్నాడు వెనక నుంచి మా ఇంజనీరు.

ఈ మాట ముగిసేలోపే బానెట్ సందుల్లోంచి తెల్లగా ఏదో పొంగడం మొదలైంది. పొగ అనుకున్నాం. పొగ గాలికి పోతుంది. ఇది పోలేదు. మెత్తగా, బుడగలు బుడగలుగా, బంపరు మీదుగా జారి నేల మీద కుప్పగా కూర్చుంది. మంచి వాసన కూడా వేసింది. మల్లెపూల షాంపూ.

లోపల సూది అప్పటికే సగం దాటి ఎర్రగీత వైపు పాకుతోంది. నురగంటే సగానికి సగం గాలి, గాలి వేడిని మొయ్యదు. పంపు పాపం నీళ్లనుకుని నురగని తిప్పుతోంది. వెంటనే ఇంజన్ ఆపేశాను. ఆ రోజు మొత్తం మీద నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని అది. అదీ భయంతో చేసిందే.

నలుగురు మూగారు. నురగ వస్తున్న కారుని ఎవరూ ఊరికే వదిలిపెట్టరు. ఒకాయన జేబురుమాలు తీసి చేతికి చుట్టుకుని, "రేడియేటర్ మూత తీస్తే ఆవిరి పోతుంది, జరగండి" అంటూ ముందుకొచ్చాడు. అప్పుడు మాత్రం నేను ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. మాస్టారు చెప్పినవాటిలో ఇదొకటి బుర్రలో మిగిలింది. ఆ మూత లోపలి ద్రవాన్ని మామూలు గాలి ఒత్తిడికి దాదాపు రెట్టింపు ఒత్తిడిలో బిగించి పెడుతుంది. అందుకే సగం సగం కలిపిన కూలెంట్ బయట 107 డిగ్రీలకి మరిగేది, లోపల 125 దాటినా మరగకుండా ఓర్చుకుంటుంది. మూత తీశామా, ఆ ఓర్పు ఒక్క క్షణంలో పోతుంది. అంతా ఒకేసారి మరిగి మొహాన కొడుతుంది. రుమాలు దాన్ని ఆపదు. ఆయన నమ్మలేదు, కానీ నా పట్టు చూసి రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కారుని తాడు కట్టి మెకానిక్ దగ్గరికి లాక్కెళ్లాం. అతను బానెట్ ఎత్తి, చూసి, వంగి వాసన పీల్చి, మళ్లీ చూసి, ఏమీ అనకుండా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. డాక్టరు రిపోర్టు చూసి కుర్చీ లాక్కుంటే ఎలా ఉంటుందో నాకు అలా ఉంది.

"సార్, ఈ మూత మీద బొమ్మ చూశారా?"

చూశాను. అద్దం బొమ్మ, దాని మీద చిన్న ఫౌంటెన్.

"ఇది?"

థర్మామీటరు, కింద అలలు, పక్కన వేడి జాగ్రత్త అన్న గుర్తు.

"చదువుకున్నవాళ్ల కోసం రాతలు, చదువుకోనివాళ్ల కోసం బొమ్మలు పెట్టారు సార్. మీరు రెండూ కానట్టున్నారు."

మా ఆవిడ నన్ను చూసింది. నేను బావమరిదిని చూశాను. వాడు పైకప్పు చూశాడు.

అర లీటరు పోస్తే పోయే పని, గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది. మొత్తం కూలెంట్ తీసేసి, కడిగి, కొత్తది పోయాలన్నాడు. ఇంజన్ పూర్తిగా చల్లారేదాకా ఆగి, రేడియేటర్ అడుగున ఉన్న ప్లగ్గు విప్పాడు. కింద పెట్టిన పళ్లెంలోకి గులాబీ నురగ దిగింది. బావమరిది కుతూహలం ఆపుకోలేక వేలు ముంచి నోటి దగ్గరికి తీసుకెళ్తుంటే మెకానిక్ ఒక్క అరుపు అరిచాడు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుందట, అదే దాని ప్రమాదం. కుక్కలూ పిల్లులూ నేల మీద పడ్డదాన్ని నాకి చచ్చిపోతాయి, మనిషికైనా కిడ్నీలు పోతాయి. అందుకే అతను పాతదాన్ని కాలవలో పారబొయ్యకుండా డబ్బాలోకి ఎత్తి, మూత బిగించి, పైన పెద్దక్షరాలతో విషం అని రాసి పక్కన పెట్టాడు. వాడు చెయ్యి ప్యాంటుకి మూడుసార్లు తుడుచుకున్నాడు.

ఇక కడగడం. డిస్టిల్డ్ వాటర్ నింపాలి. ఇంజన్ని థర్మోస్టాట్ అనే వాల్వు తెరుచుకునేదాకా, అంటే 85, 90 డిగ్రీలు వచ్చేదాకా తిప్పాలి. లేకపోతే నీళ్లు రేడియేటర్ వైపే రావు. తర్వాత చల్లారనివ్వాలి. ప్లగ్గు విప్పాలి. నురగ చూడాలి. మళ్లీ నింపాలి. మొదటిసారి నురగ. రెండోసారి నురగ. మూడోసారి ప్రశాంతంగా కనబడి, చివర్లో రెండు బుడగలేసింది. 'ఒక్క చుక్క చాలు, మెరుపు మీ సొంతం' అని ఆ షాంపూ సీసా మీద రాస్తే ప్రకటన అనుకున్నాను. నేను పోసింది మగ్గుడు.

నాలుగోసారికి నీళ్లు నీళ్లలాగే వచ్చాయి. బావమరిది ఉత్సాహంగా కొత్త రెడీమిక్స్ డబ్బా మూత తిప్పబోయాడు. మెకానిక్ ఆపి నేల మీద సుద్దముక్కతో లెక్క రాశాడు. ఈ బండికి మొత్తం పట్టేది 5 లీటర్లు. ప్లగ్గులోంచి దిగింది 3 లీటర్లే. మిగతా 2 లీటర్ల నీళ్లు ఇంజన్ బ్లాకులో, హీటరు గొట్టాల్లో దాక్కునే ఉన్నాయి. ఇప్పుడు 3 లీటర్ల రెడీమిక్స్ పోస్తే అందులో గ్లైకాల్ లీటరున్నర, మొత్తంలో ముప్పై శాతమే. కాబట్టి కాన్సంట్రేట్ రెండున్నర లీటర్లు, డిస్టిల్డ్ వాటర్ అర లీటరు పోస్తే అప్పుడు సగానికి సగం. సుద్ద పట్టుకున్న ఆ చేతిని చూస్తే మా మాస్టారు గుర్తొచ్చారు. ఆ లెక్క మూడుసార్లు చూసుకున్నాను, ఎక్కడా తేడా లేదు. ఇంటికెళ్లి చెబితే మాస్టారు, "కుర్రాడు బాగా చెప్పాడు" అని మెచ్చుకున్నారు. నన్ను ఎప్పుడూ అనలేదు ఆ మాట.

పోశాక గాలి తియ్యాలి. లోపల గాలి బుడగ చిక్కుకుంటే అది ఉన్న చోట ఇంజన్ కాలుతుంది. రేడియేటర్ నోటికి గరాటు బిగించి, ఇంజన్ స్టార్ట్ చేసి, హీటరు ఫుల్లుగా పెట్టమన్నాడు. హీటరులో వేడిగాలి వస్తోందో లేదో చెప్పడానికి లోపల ఒక మనిషి కూర్చోవాలి. ఎవరు కూర్చోవాలన్న చర్చ జరగలేదు. అక్క తమ్ముడి వైపు చూసింది, వాడు నోరెత్తకుండా వెళ్లి కూర్చున్నాడు.

బయట గరాటులో గుడగుడమని బుడగలు వస్తున్నాయి. మెకానిక్ పై గొట్టాన్ని చేత్తో నొక్కుతూ వదులుతూ ఉన్నాడు. ఒక్కో నొక్కుకి ఒక్కో బుడగ.

"వేడి వస్తోందా?" అని అడిగాడు.

"గోరువెచ్చగా" అని లోపల నుంచి.

పావుగంటయ్యింది. "ఇప్పుడు?"

"వస్తోంది బావా, చాలా వస్తోంది, దిగనా?"

"ఇంకాస్త చూడరా, ఖాయం చేసుకోవాలి కదా" అన్నాను. గాలి ఐదు నిమిషాల క్రితమే పోయిందని మెకానిక్ నాకు సైగ చేశాడు. నేను చూడనట్టే నిలబడ్డాను. నడుం మీద చెయ్యి వేసుకుని.

వైపర్ డబ్బా కూడా ఖాళీ చేయించాను. అద్దాన్ని, బానెట్ మీద పడ్డ ఎర్ర మరకల్ని కడిగించాను. రెండు మూడు రోజుల్లో మిగిలిన గాలి కూడా పోయి మట్టం కాస్త తగ్గుతుంది, కంగారుపడకుండా అదే రకం కొంచెం పోసుకోండి అన్నాడు మెకానిక్. "మీరు పోయకండి, మేడమ్ గారిని పోయమనండి" అని కూడా అన్నాడు.

మేడమ్ గారు ఇంటికి రాగానే రెండు చీటీలు రాసి, పైన ప్లాస్టిక్ టేపు అంటించి, ఆ రెండు మూతలకీ దారంతో కట్టింది. ఒకదాని మీద 'కారు తాగేది'. ఇంకోదాని మీద 'కారు మొహం కడుక్కునేది'. మామగారు వచ్చి చదివి, చెంబుడు నీళ్లతో పోయేదానికి ఇంత రాద్ధాంతమా అన్నట్టు నిట్టూర్చారు.

మూడో రోజు పొద్దున ఇంజన్ చల్లగా ఉండగా అందరం బానెట్ చుట్టూ చేరాం. చెప్పినట్టే వేలెడు తగ్గింది. మా ఆవిడ చీటీ చదివి, డబ్బా మీద రకం చదివి, మళ్లీ చీటీ చదివి, గరాటు పెట్టి మ్యాక్స్ గీతకి సరిగ్గా పోసి మూత బిగించింది. నిమిషం కూడా పట్టలేదు. గోడ మీదుగా మాస్టారు చప్పట్లు కొట్టారు.

నేను బానెట్ దించబోతుంటే బావమరిది లోపలికి వంగి, వెనక మూల అద్దం దగ్గరున్న చిన్న డబ్బా మీద వేలితో తట్టాడు. దానికీ ఒక మూత ఉంది. దానికీ మిన్, మ్యాక్స్ గీతలున్నాయి. దాని మీద చీటీ లేదు.

"బావా, ఇది కూడా కాస్త తగ్గినట్టుంది. మొన్న మిగిలిన ఎర్రది ఇంట్లో ఉందిగా?"

అది బ్రేకు ఆయిల్ డబ్బా. వాడు చెయ్యి తీసేదాకా కూడా ఆగకుండా నేను బానెట్ వదిలేశాను.